అగ్గిపుల్ల గీసే ముందు

“తక్కెడ కావాలట,” అంది కూతురు పిచ్చుక వంటింటి గుమ్మంలో నిలబడి.

“ఎవరికట?” టీచరమ్మ తల ఎత్తలేదు.

“నాన్నకట.”

“నాకూ కావాలని చెప్పు.”

పిచ్చుక వెనక్కి తిరిగి, పక్కనే ఉన్న పడగ్గది దాకా వెళ్ళి, మూసి ఉన్న తలుపుకి ఆ సంగతి చెప్పి, తలుపు ఇచ్చిన జవాబు పట్టుకుని మళ్ళీ వచ్చింది.

“ఆదివారాలు తక్కెడ భోజనాల బల్ల మీదే ఉండాలట. అది ఎవరి సొంతమూ కాదట.”

“అయితే బల్ల దగ్గరికే రమ్మను. ఎవరొద్దన్నారు?”

ఈసారి పిచ్చుక కదల్లేదు. “అమ్మా, నీ మాట నాన్నకి వినబడుతూనే ఉంది. నాన్న మాట నీకూ వినబడుతూనే ఉంది. మధ్యలో నేనెందుకు?”

“బాగా అడిగావే!” హాల్లో కిటికీ పక్క కుర్చీలోంచి నానమ్మ అందుకుంది. “మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇందులో కప్ప ఎవరో పాము ఎవరో నేను చెప్పను. నాకు ఇద్దరూ అన్నం పెట్టాలి.”

శుక్రవారం సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. మాస్టారూ టీచరమ్మా ఒకే హైస్కూల్లో సైన్సు చెబుతారు. శుక్రవారం బడి వదిలాక హెడ్ మాస్టారు ఇద్దర్నీ గదిలోకి పిలిచి, వచ్చే ఏడాది సైన్సుకి ఒక్క పోస్టే ఉంటుందని చెప్పాడు. రెండోవాళ్ళు పొద్దున రైలెక్కితే పొద్దుపోయాక గానీ చేరని ఇంకో బ్రాంచికి వెళ్ళాలి. ఎవరుండాలో, ఎవరు పోవాలో తేల్చడానికి సోమవారం నుంచి వారమంతా స్కూలు కమిటీ వాళ్ళు వెనక బెంచీల్లో కూర్చుని పాఠాలు వింటారు. తొమ్మిదో తరగతి ‘ఏ’ సెక్షన్ మాస్టారుకి, బీ సెక్షన్ టీచరమ్మకి. పాఠం మాత్రం ఇద్దరికీ ఒకటే, వాయువులు.

అంతటితో ఆగితే ఇంట్లో మాటలు ఆగేవి కావు. ఇద్దరూ కూర్చుని తలలు పట్టుకుని, హెడ్ మాస్టార్ని నాలుగు తిట్టుకుని, ఏదో ఒక దారి వెతుక్కునేవాళ్ళు. కానీ హెడ్ మాస్టారు ఊరుకోకుండా, “మీరిద్దరూ పాఠాలకి కలిసే తయారవుతారటగా, అందులో ఎవరి పని ఎంత?” అని అడిగాడు.

“ప్లాను నాదండీ. ఆవిడ దాని మీదే పాఠం చెబుతుంది,” అన్నాడు మాస్టారు.

“ప్లాను కాగితం మీద ఉంటుందండీ. ఆయన చేతికి గాజు సామానిస్తే వణుకుతుంది,” అంది టీచరమ్మ.

రెండూ నిజాలే. అబద్ధమైతే ఇంటికొచ్చి కడిగేసుకోవచ్చు. పరాయి మనిషి ముందు చెప్పిన నిజాన్ని ఏ సబ్బు పెట్టి కడగాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇన్నేళ్ళుగా వాళ్ళ ఆదివారం మధ్యాహ్నాలు ఆ బల్ల మీదే గడిచాయి. గిన్నెలు తీసేసి, బల్ల తుడిచి, వారం మొత్తం పాఠాలు అక్కడే తయారుచేసుకునేవాళ్ళు. ఆయన ప్రశ్నలు రాసేవాడు. ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న వెయ్యాలి, ఎక్కడ ఆగి పిల్లల్ని కాసేపు గింజుకోనివ్వాలి, అన్నీ ఆయన లెక్క. ఆమె ప్రతి ప్రయోగాన్నీ ముందు వంటింటి గిన్నెల్లో చేసి చూసేది. కొలతలు ఆమెవి. పెద్ద ప్రయోగాలున్న రోజు రెండు సెక్షన్లనీ ల్యాబులో ఒకచోట కూర్చోబెట్టేవాళ్ళు. ఆయన మాట్లాడుతుంటే ఆమె చేసేది. పిల్లలు ఆయన్ని వింటూ ఆమె చేతుల్ని చూసేవాళ్ళు. ఆయన మాత్రం పిల్లల్నే చూసేవాడు.

ఇప్పుడు ఆ పాఠాన్ని నిలువునా చీల్చి చెరి సగం ఇచ్చారు.

“తక్కెడ తీసుకెళ్ళి ఇచ్చెయ్,” అంది టీచరమ్మ చివరికి. “నాకు చెంచాలు చాలు.”

పిచ్చుక తక్కెడ మోసుకెళ్ళింది. కాసేపటికి పడగ్గదిలోంచి గాజుగ్లాసు పగిలిన చప్పుడు వినిపించింది.  హాల్లోంచి నానమ్మ, “చీపురు అటు పంపండమ్మా,” అంది.

*

సాయంకాలం ఎండ తగ్గాక టీచరమ్మ వంటింట్లో తన పాఠానికి రిహార్సల్ వేసుకుంది. శ్రోతలు ఇద్దరు. ఒకరు చదువు మధ్యలో ఆపేసిన నానమ్మ, ఒకరు రేపు మాస్టారి సెక్షన్లో ముందు బెంచీ మీద కూర్చోవలసిన పిచ్చుక.

లోతు పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించింది. దాని మీద గాజుగ్లాసు బోర్లించింది. మంట కాసేపు కొట్టుకుని ఆరిపోయింది. పళ్ళెంలో నీళ్ళు నెమ్మదిగా గ్లాసులోకి ఎక్కాయి. చుక్క తొణకలేదు. ఆమె చేతికి ఎన్నడూ ఏదీ తొణకదు.

చేసి, చేతులు కట్టుకుని నిలబడింది.

నానమ్మ గ్లాసు వైపు చూసింది. కోడలి వైపు చూసింది. “బాగుందమ్మాయ్. చాలా శుభ్రంగా ఉంది. ఇప్పుడు మమ్మల్నేం చెయ్యమంటావు?”

“నీళ్ళు పైకొచ్చాయి కదా అత్తయ్యా.”

“వచ్చాయి. చూశాను. వస్తే?”

 ఇక్కడ ఎప్పుడూ ఆయన అందుకునేవాడు. ఇక్కడే, సరిగ్గా ఈ చోటే. ఏం అడిగేవాడో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఆ మాట వందసార్లు విన్నదే. కానీ తను అడగవలసిన మాటగా ఒక్కసారీ వినలేదు.

“అమ్మా, ఆగిపోయావేం?” అంది పిచ్చుక. “మొత్తం క్లాసు ఇంతేనా?”

“ఉండు, ఆలోచించుకోనీ.”

అప్పుడు పడగ్గది తలుపు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. ఎవరితోనూ అన్నట్టు కాదు, గోడతో అన్నట్టు.

“నీళ్ళని పైకి ఎవరు లాగారు? లోపలివాళ్ళు లాగారా, బయటివాళ్ళు తోశారా?”

 నానమ్మ కళ్ళు కోడలి మీదే ఉన్నాయి.  టీచరమ్మకి వెళ్ళి ఆ తలుపు తట్టి, ‘ఇటు రండి, బల్ల తుడిచి ఉంచాను’ అని అనాలనిపించింది. కానీ ‘ఆవిడ దాని మీదే పాఠం చెబుతుంది’ అన్న మాట చెవిలో మళ్ళీ మోగింది. ఇప్పుడీ ప్రశ్న పుచ్చుకుంటే అదే నిజమవుతుంది.

“కిటికీ వెయ్యి, బయట గోల ఎక్కువగా ఉంది,” అంది కూతురితో.



*

తక్కెడ తిరిగి తేవడానికి పడగ్గదిలోకి వెళ్ళిన పిచ్చుక అక్కడే కూర్చుండిపోయింది. మాస్టారు బట్టల బీరువా ఎదురుగా నిలబడి పాఠం చెబుతున్నాడు. బీరువా చాలా శ్రద్ధగా వింటోంది. పిచ్చుక తిరిగొచ్చేసరికి కళ్ళు మెరుస్తున్నాయి.

“నాన్న పాఠం ఎంత బావుందో! గురువారం హైడ్రోజన్ చేస్తారట. నీళ్ళల్లో దాక్కున్న మంట అని మొదలుపెడతారు. ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, చివర్న ఆసిడ్ పోసి, పోసీ పొయ్యగానే అగ్గిపుల్ల గీసి గొట్టం కొసన మంట వెలిగిస్తారు. అప్పుడు బెల్లు కొట్టాలి. అంతే, క్లాసంతా నోరు తెరుచుకుని బయటికి పోతుంది.”

టీచరమ్మ చేతిలోని చెంచా ఆగింది. “పోసీ పొయ్యగానేనా?”

“అవును.”

“టెస్ట్ ట్యూబు?”

“అదేం లేదు. కుక్కపిల్ల ఆట తీసేశారట.”

కుక్కపిల్ల అని పిల్లలు పెట్టుకున్న పేరు. బుడ్డిలో జింకు ముక్కల మీద ఆసిడ్ పోస్తే హైడ్రోజన్ పుడుతుంది. కానీ మొదట్లో గొట్టంలోంచి వచ్చేది ఒట్టి హైడ్రోజన్ కాదు. బుడ్డిలో అప్పటికే ఉన్న గాలి దానితో కలిసి వస్తుంది. అందుకే టీచరమ్మ దాన్ని చిన్న టెస్ట్ ట్యూబులో పట్టి, దూరంగా కొవ్వొత్తి దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తుంది. గాలి కలిసి ఉంటే అది ‘కుయ్’మని అరుస్తుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. మళ్ళీ పడుతుంది, మళ్ళీ అరుస్తుంది. అరుపు పోయి, ఊది దీపం ఆర్పినంత మెత్తని చప్పుడు వచ్చాకే ఆమె గొట్టం కొసకి మంట తాకిస్తుంది. అరుస్తుండగా తాకిస్తే ఆ మంట గొట్టంలోంచి లోపలికి పోతుంది. అప్పుడు అరిచేది ట్యూబు కాదు, బుడ్డి మొత్తం. గాజు బుడ్డి.

ఇదంతా ఆమె ఎన్నడూ నోటితో చెప్పలేదు. ఆయన మాట్లాడుతుంటే పక్కన చేసుకుంటూ పోయింది. ఆయనకి నవ్వులే వినిపించాయి.

“పిచ్చుకా, ఇలా రా. నాన్నకి ఈ మాట చెప్పు. ముందు టెస్ట్ ట్యూబులో పట్టి చూడాలి. అరుపు ఆగేదాకా బుడ్డి దరిదాపులకి అగ్గిపుల్ల రాకూడదు. అలా చూసే ఓపిక లేకపోతే ఆ ప్రయోగం చెయ్యొద్దని చెప్పు. సరిగ్గా చెబుతావా?”

“చెబుతాను, చెబుతాను.” పొద్దుటి నుంచీ మాటలు మోసి మోసి ఆ పిల్ల కాళ్ళు అరిగిపోయాయి. పడగ్గది గుమ్మంలో నిలబడి, చెప్పవలసినదంతా కుదించి, తోక మాత్రం చెప్పింది.

“నాన్నా, ఆ ప్రయోగం చెయ్యొద్దట.”

తలుపు అంత వేగంగా తెరుచుకోవడం శుక్రవారం తర్వాత అదే మొదటిసారి. మాస్టారు నేరుగా వంటింట్లోకి వచ్చాడు.

“ఎందుకు చెయ్యకూడదు?”

“చెయ్యకూడదని కాదండీ. ముందు చూసుకోవాలి.”

“ఏం చూసుకోవాలి?”

“కుక్కపిల్ల అరవాలి కదా. అరిచి ఆగాలి. అప్పుడు...”

“ఆ వేషాలు పిల్లల్ని నవ్వించడానికి. కమిటీ ముందు నవ్వులాటలేమిటి? అవి తీసేస్తే నాకు ప్రశ్నలకి బోలెడంత టైము మిగులుతుంది.”

“నవ్వించడానికి కాదు. అది...” ఆమె చేతులు గాల్లో ఏదో పట్టుకున్నట్టు కదిలాయి. కూతురితో చెప్పగలిగిన మాట ఆయన కోపం ముందు నోటికి అందలేదు. “అది చెయ్యకపోతే ఊరుకోదండీ!”

“ఎవరు, కమిటీ ఊరుకోదా?”

“అబ్బ, మీరు వింటే కదా...”

“విన్నాను. శుక్రవారమే విన్నాను, హెడ్ మాస్టారి గదిలో. నీ చేతులు లేనిదే నా పాఠం నడవదు. అదేగా? ఇన్ని పాఠాల్లో ఏరి కోరి, నాకు పేరొచ్చే పాఠమే వద్దంటున్నావు. నేను చిన్నపిల్లాణ్ణి కాను.”

“ఒరేయ్, దాన్ని మాట పూర్తి చెయ్యనివ్వరా,” అంది నానమ్మ.

“ఇంకేం పూర్తి చెయ్యాలమ్మా? అయిపోయింది.”

తలుపు మళ్ళీ పడింది.

టీచరమ్మ దాని ముందుకు వెళ్ళి చెయ్యెత్తింది. తట్టడమే తరువాయి. ఆయన చదువుకున్న మనిషి, పుస్తకంలో హైడ్రోజన్ గురించి ఆయనకి తెలియని ముక్క లేదు, కోపం దిగితే ఆయనకే గుర్తొస్తుంది అనుకుంది. గురువారం ఇంకా దూరం. ల్యాబులో సామాను సర్దేది ఎలాగూ తనే.

ఇవన్నీ సబబైన మాటలే. వీటి అడుగున ఇంకోటి ఉంది. ఒక్కసారి ఆ చేతులు అందరి ముందూ వణకనీ, తను లేకపోతే ఏమవుతుందో చూడనీ అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది. అయినా తలుపు తట్టకుండానే ఎత్తిన చెయ్యి దించేసింది.

*

భోజనాల దగ్గర నలుగురూ కూర్చున్నారు గానీ ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. 

“ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. నిజమే కాబోలు,” అంది నానమ్మ. “కత్తులకేం, ఎటో ఒకటి పోతుంది. మరి నన్నెవరు పట్టుకుపోతారు? ఆ తక్కెడ తెచ్చి నన్నూ ఈ పిల్లనీ అందులో వేసి తూచుకోండి. చెరొకరు వస్తాం.”

“ఊరుకో అమ్మా,” అన్నాడు మాస్టారు.

“ఊరుకోక? నా నోటికి కమిటీ లేదుగా.”

పిచ్చుక కంచంలో వేళ్ళు కదుపుతూ కూర్చుంది.  గిన్నెలు సర్దేటప్పుడు తల్లి పక్కన చేరింది.

“అమ్మా, నేను నాన్నతో...” అని మొదలుపెట్టి ఆగిపోయింది.

“ఏమిటే?”

“ఏం లేదు. ఒకవేళ నువ్వు ఓడిపోతే నేను ఎవరితో ఉండాలి? నాన్న ఓడిపోతే ఎవరితో వెళ్ళాలి?”

 తల్లి తడి చేతులతోనే ఆ పిల్ల తల దగ్గరికి తీసుకుంది. పిచ్చుక అసలు చెప్పాలనుకున్నది వేరే. అది ఆ కౌగిట్లోనే మింగేసింది.

*

సోమవారం పొద్దున్న టీచరమ్మ స్నానం చేసి వచ్చేసరికి మాస్టారు బడికి వెళ్ళిపోయాడు. పిచ్చుక కూడా ఆయన వెంటే వెళ్ళింది. కంచం బోర్లించినది బోర్లించినట్టే ఉంది.

“తినకుండా పోయాడు,” అంది నానమ్మ. “పరీక్షకి పోయే పిల్లాడిలా పెదవులు కదుపుకుంటూ పోయాడు. వాడు అలా ఉంటే నాకు భయం అమ్మాయ్.”

టీచరమ్మ బడికి చేరగానే ల్యాబుకి వెళ్ళింది. తన కొవ్వొత్తులూ పళ్ళెమూ తీసుకుందామని అలమర తెరిస్తే, పై అరలో జింకు సీసా ఉండవలసిన చోట దుమ్ములో గుండ్రటి మచ్చ ఒకటే ఉంది. రెండు గొట్టాలున్న గాజు బుడ్డి లేదు. ఆసిడ్ సీసా లేదు.

“అవా? సారు పట్టుకెళ్ళారమ్మా,” అన్నాడు అటెండరు తుడుస్తూ తుడుస్తూ. “గురువారంది ఇవాళే చేస్తారట. మొదటిరోజే మంట చూపిస్తే కమిటీకి వారమంతా గుర్తుంటుందన్నారు. నా దగ్గరున్న తాళంతో నేనే తీసిచ్చాను.”

“టెస్ట్ ట్యూబులు తీసుకెళ్ళారా?”

“లేదమ్మా. అక్కర్లేదన్నారు.”

ఆమె మాట పూర్తిగా వినలేదు. ఒక టెస్ట్ ట్యూబు చేతికి దొరికితే దాన్ని కొవ్వొత్తులు, పళ్ళెం, గ్లాసులతో పాటు పట్టుకుని వరండాలో దాదాపు పరుగెత్తింది. ‘ఏ’ సెక్షన్ తలుపు దగ్గర హెడ్ మాస్టారు ఎదురుపడ్డాడు. లోపల కమిటీ పెద్దాయన ఒకాయన వెనక బెంచీ మీద సర్దుకుంటున్నాడు.

“సార్, ఒక్క మాట ఆయనతో చెప్పాలి.”

“బెల్లు అయ్యింది టీచర్. మీ క్లాసులో మేడమ్ వచ్చి కూర్చున్నారు. ఇంటి మాటలు ఇంటర్వెల్లో మాట్లాడుకుందురు గానీ.”

“ఇంటి మాట కాదండీ...”

“చూశారా, అందుకే నేను ముందే అన్నాను, భార్యాభర్తలతో ఇదే చిక్కని.” ఆయన తలుపు దగ్గరగా వేసేశాడు.

ఎవరినైనా పిలిచి కబురు పంపుదామా అనుకుంది. కబురు పంపితే ఏమవుతుందో నిన్ననే చూసింది. పైగా ఆయన మాట్లాడ్డం మొదలుపెడితే చాలాసేపు మాట్లాడతాడు. ఆసిడ్ పోసేది చివర్లో. అప్పటిదాకా టైముంది. అలా తనకి తనే నచ్చజెప్పుకుంటూ బీ సెక్షన్లోకి నడిచింది.

కమిటీ మేడమ్ కళ్ళజోడు సర్దుకుని పెన్ను తెరిచింది. టీచరమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసింది. కొవ్వొత్తి వెలిగించింది. గ్లాసు బోర్లించింది. మంట ఆరింది, నీళ్ళు ఎక్కాయి. పిల్లలు చూశారు. ఆమె నిలబడింది.

“అయిపోయిందా టీచర్?” అన్నాడు ఒకడు.

గోడ అవతల నుంచి మాస్టారి గొంతు వస్తోంది. గొప్పగా ఉంది. “మంటని ఆర్పే నీళ్ళలోనే మంట దాక్కుని ఉందంటే నమ్ముతారా? ఎందుకు నమ్మరు?” అవతల పిల్లలు కేకలు వేసి జవాబులు చెబుతున్నారు. ఇవతల బెంచీల్లో కూడా ఇద్దరు ముగ్గురు పెదవుల మధ్య జవాబులు గొణుగుతున్నారు. మేడమ్ ఏదో రాసుకుంది.

టీచరమ్మ గ్లాసు వైపు చూసింది. నిన్న తలుపు వెనక నుంచి వచ్చిన ప్రశ్న నాలుక చివర ఉంది. ఇక పంతానికి పోయే ఓపిక లేదు.

“నీళ్ళని పైకి ఎవరు లాగారు?” అంది. “లోపలివాళ్ళు లాగారా, బయటివాళ్ళు తోశారా?”

క్లాసు ఒక్కసారి కదిలింది. అరడజను చేతులు లేచాయి. మేడమ్ కూడా తల ఎత్తి గ్లాసు వైపు చూసింది. శుక్రవారం తర్వాత మొదటిసారి టీచరమ్మకి ఊపిరి ఆడింది.

అప్పుడే గోడ అవతల నుంచి వినిపించింది.

“ఇదిగో, ఇప్పుడు ఆసిడ్ పోస్తున్నాను. ముందు బెంచీవాళ్ళు లేచి దగ్గరికి రండి. బాగా కనబడాలి.”

ముందు బెంచీలో పిచ్చుక ఉంది.

టీచరమ్మ టెస్ట్ ట్యూబూ ఇంకో కొవ్వొత్తీ అగ్గిపెట్టే తీసుకుని గుమ్మం వైపు నడిచింది.

“టీచర్?” అంది మేడమ్. “పాఠం మధ్యలో ఎక్కడికి?”

“వస్తానండీ.”

“పాఠం వదిలేసి వెళ్తున్నారని రాయమంటారా?”

“రాసుకోండి.”

*

‘ఏ’ సెక్షన్ తలుపు తోసేసరికి బల్ల చుట్టూ తలకాయలే ఉన్నాయి. బుడ్డిలో జింకు బుసబుస పొంగుతోంది. మాస్టారి చేతిలో అగ్గిపుల్ల వెలుగుతోంది. ఆ చెయ్యి వణుకుతోంది. అందరికంటే ముందు, మోచేతులు బల్ల మీద ఆనించి, మొహం బుడ్డికి దగ్గరగా పెట్టి నిలబడింది పిచ్చుక.

“ఆర్పండి,” అంది టీచరమ్మ.

ఆయన తలెత్తాడు. మొహం ఎర్రబడింది. కానీ క్లాసులో ఎవరేమన్నా ఆయన నోట వచ్చే మాట ఒకటే. అదే వచ్చింది.

“ఎందుకు?”

“ముందు ఆర్పండి. మీకు దణ్ణం పెడతాను.”

ఆ గొంతులో ఏం విన్నాడో, ఊదేశాడు. ఆమె ఇంక మాటలు వెతుక్కోకుండా గది అవతలి మూలకి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. టెస్ట్ ట్యూబుని గొట్టం కొస మీద బోర్లించి పట్టుకుంది. నిండిందనిపించాక బొటనవేలితో మూసి, మళ్ళీ ఆ మూలకి వెళ్ళి, ట్యూబు మూతి కొవ్వొత్తి దగ్గర తెరిచింది.

‘కుయ్!’

కిటికీ అద్దాలు అదిరినంత గట్టిగా అరిచింది. ఆమె చేతిలో ఆ ట్యూబు ఇంతగా అరవడం ఎన్నడూ లేదు.

“కుక్కపిల్ల!” అని పిల్లలందరూ విరగబడి నవ్వారు. నవ్వనివాళ్ళు ఇద్దరే. పిచ్చుక నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మాస్టారు టెస్ట్ ట్యూబు వైపు చూశాడు, తర్వాత బుసబుసమంటున్న బుడ్డి వైపు చూశాడు, తర్వాత కూతురి మొహం వైపు చూశాడు.  ఒక చేత్తో పిల్లల్ని వెనక్కి నెట్టి, రెండో చేత్తో అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. జేబు దొరకడానికి చాలాసేపు పట్టింది.

వెనక బెంచీ మీద నుంచి కమిటీ పెద్దాయన లేచి వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు. మాట కూడా మెత్తగానే ఉంది.

“మీది పక్క క్లాసు కదమ్మా? మీ పాఠం నడుస్తుండగా వదిలేసి ఇక్కడికెందుకొచ్చారు?”

 నిజం చెబితే మాస్టారి పని ఇవాళ్టితో సరి అనుకుంది టీచరమ్మ. పిల్లల్ని దగ్గరికి పిలిచి బుడ్డి పేల్చబోయాడని తెలిస్తే ఆ దూరపు బ్రాంచి కూడా ఉండదు. చెప్పకపోతే, కమిటీ ముందే పాఠం వదిలేసి పక్క క్లాసుని చెడగొట్టడానికి వచ్చిన మనిషి తను.

“నేనే పిలిచానండీ,” అన్నాడు మాస్టారు.

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

కమిటీ పెద్దాయన కనుబొమలు ముడిపడ్డాయి. “ఎప్పుడు పిలిచారు? బెల్లు కొట్టినప్పటి నుంచీ నేను ఆ బెంచీ మీదే ఉన్నాను. మీరెవర్నీ పిలవలేదే.”

గదిలో నవ్వులు ఆగిపోయాయి. గోడ అవతల బీ సెక్షన్ గోల పెరుగుతోంది. వరండాలో హెడ్ మాస్టారి చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

ముందు వరసలోంచి ఒక చెయ్యి లేచింది. పిచ్చుక చెయ్యి.

చెయ్యెత్తిన పిల్లని కూర్చోమనడం మాస్టారు ఇన్నేళ్ళలో ఎన్నడూ ఎరగడు. ఇవాళ కూర్చోమందామని నోరు తెరిచాడు.

“నాకు తెలుసు సార్,” అంది పిచ్చుక. “నిన్న అమ్మ నాన్నకి చెప్పమన్న దాంట్లో నేను సగమే...”

అక్కడ ఆగి తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. తల్లి వద్దన్నట్టు తల ఊపింది.

“భయపడకు, చెప్పమ్మా,” అన్నాడు కమిటీ పెద్దాయన, పెన్ను తెరుస్తూ. “మొత్తం చెప్పు.”